పానం మంచిగ లేదు

నవనీత భయం ఒక్కటే. పొలం నుంచి ఇంటికి వచ్చేసరికి బిడ్డ నిఖిత సచ్చిపోయి ఉంటదేమోనని.

ఈ మాట ఆమె ఎవ్వరికీ చెప్పలేదు. మొగుడు భాస్కర్‌కు చెప్పలేదు, అత్త యాదమ్మకు చెప్పలేదు. నోటితోని అంటే ఎక్కడ నిజమైతదో అని, ఆ మాట నాలుక దాకా వచ్చినప్పుడల్లా మింగేసింది. మింగిన మాట అరగలేదు. నాట్లల్ల కలుపు తీస్తున్నా, బర్రెకు కుడితి పెడుతున్నా కడుపులో రాయి లెక్క అట్లనే ఉన్నది.

నిఖితకు పద్నాలుగేండ్లు. మిర్యాలగూడలో హాస్టల్ ఉన్న బడిలో తొమ్మిది చదువుతున్నది. నవనీతను తొమ్మిదిలోనే బడి మానిపించి పెండ్లి చేసిన్రు. అందుకే బిడ్డ పుస్తకాలకు అట్టలు వేసినప్పుడు, ఆగిపోయిన కాడి నుంచి మళ్ళ తనే బడికి పోతున్నట్టు సంబురపడ్డది. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన ఆ పిల్ల తిరిగి పోలేదు. గోడ దిక్కు తిరిగి పండుకుంటది. జడ వేసుకోదు, వేస్తనంటే తల ఇయ్యదు. టీవీ పెడితే చూడదు, బంద్ చేస్తే ఎందుకు బంద్ చేసినవని అడగదు. ముందట పెట్టిన బువ్వ ఎండిపోతది. ఏమైంది బిడ్డా అంటే ఒకటే మాట.

"పానం మంచిగ లేదు."

నేరేడుచర్ల చుట్టుపక్కల ఆ మాటకు ఎవ్వరైనా చేసే పని ఒకటే. నొసలు పట్టి చూస్తరు. వీళ్ళూ చూసిన్రు. కాలలేదు. అయినా ఆర్‌ఎంపీ దగ్గరికి తీస్కపోతే సెలైన్ ఎక్కించి, రక్తం తక్కువున్నదన్నడు. యాదమ్మ ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇంత మాడినా ఎవ్వరికీ దగ్గు రాలేదు చూడు, దిష్టి గట్టిగనే తగిలింది అని తేల్చింది. పిల్ల మళ్ళ గోడ దిక్కే తిరిగింది.

సెలవుల్లోనే ఒకనాడు మంగ్లీ ఫోన్ చేసింది. హాస్టల్‌లో నిఖిత పక్క మంచం ఆ పిల్లది. మిర్యాలగూడ అవతల తండా వాళ్ళది. పోయినేడు పేరెంట్స్ మీటింగ్ నాడు నవనీత చూసింది, కండ్లు పెద్దగ, మాట చిన్నగ ఉంటది. నిఖిత ఫోన్ తీసుకోనంటే నవనీతే మాట్లాడింది. నిఖిత తింటుందా ఆంటీ, పంటుందా ఆంటీ అని మంగ్లీ గుచ్చి గుచ్చి అడిగింది. జ్వరమొచ్చి తగ్గిందని నవనీత అబద్ధం చెప్పింది. పెట్టేసే ముందర మంగ్లీ, నాకు గూడ పానం మంచిగ లేదాంటీ అన్నది. జ్వరాలు తిరుగుతున్నయి బిడ్డా, గోలి ఏస్కో అని చెప్పి నవనీత ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నయి మరి.

బడి తెరిచినంక వార్డెన్ మేడం ఫోన్ చేసి, మీ పిల్ల రాలేదు, ఆ మంగ్లీ రాలేదు, ఇద్దరూ మాట్లాడుకొని మానిన్రా ఏందని అడిగింది. నవనీతకు తన బిడ్డ తప్ప వేరే ఏదీ చెవికెక్కని రోజులు అవి.

అప్పటికి వరి పొట్టకొచ్చింది. దోమపోటు తగిలిందని ఊరంతా మందు కొట్టుడు మొదలుపెట్టిన్రు. భాస్కర్ కూడా పురుగుమందు డబ్బాలు తెచ్చి స్నానాల గది మూలకు పెట్టిండు. ఎప్పుడూ పెట్టేది ఆడనే. ఈసారి నవనీత వాటిని ఆడ ఉండనియ్యలేదు.

ఈ ఊర్లల్లో మందు అంటే మూడున్నయి. దవాఖాన మందు, బెల్టుషాపు మందు, పొలం మందు. మొగోడు మందు తాగిండంటే, ఇంక లేవలేదా అని నవ్వుతరు. అదే ఆడమనిషి మందు తాగింది, పిల్ల మందు తాగింది అంటే, ఏ మందు అని ఎవ్వరూ అడగరు. చెప్పులు కూడా వేసుకోకుండ ఉరుకుతరు.

నవనీత ఆ డబ్బాలను బర్రెల కొట్టంలో గడ్డి కింద దాచింది. ఆడ మనసు నిలవక వడ్ల బస్తాల వెనకకు మార్చింది. ఆ తర్వాత తన పెండ్లి పెట్టెలో చీరల కింద పెట్టి తాళం వేసింది. భాస్కర్ మందు కొట్టే పంపు భుజానికి తగిలించుకొని ఇల్లంతా తిరిగిండు.

"డబ్బాలకు కాళ్ళొచ్చినయా ఏందే? మొన్న గడ్డిల దొరికినయ్, నిన్న బస్తాలెనక. రేపు ఫ్రిజ్‌ల పెడ్తవా?"

పిల్లలు తిరిగే ఇల్లు, వాసనొస్తది అని ఏదో చెప్పింది. పిల్లకు దిష్టి తగిలితే నీకు మెదడు కరాబైంది అని యాదమ్మ అన్నది. నవనీత పెట్టె తెరిచి డబ్బా ఇచ్చి, పొలం దాకా మొగుని వెంటపడి పోయి, మిగిలింది మళ్ళ తెచ్చి తాళం వేసింది. ఆమె చీరలన్నిటికీ ఆ వాసన పట్టింది.

ఆశా వర్కర్ సుగుణ జ్వరాల సర్వేకని ఇంటికి వచ్చింది. నిఖిత మంచం అంచుకు కూసొని ఏవేవో అడిగింది, పిల్ల గోడతోనే జవాబు చెప్పింది. వాకిట్లోకి వచ్చినంక సుగుణ గొంతు తగ్గించింది. కోదాడలో పిల్లలతో మాట్లాడేవాళ్ళున్నరు, పైసలు తీసుకోరు, ఇది వాళ్ళు చూసే జబ్బే అనిపిస్తున్నదని చెప్పింది. పిచ్చి లేసిందంటవా అక్కా అన్నది నవనీత.

"పిచ్చి గాదు, పాడు గాదు. మిర్యాలగూడల సూపిస్తే మీవోళ్ళు ఎవరో ఒకరు ఎదురైతరు. కోదాడ పో. ఎవరన్న అడిగితే పిల్లకు కండ్లద్దాలకని చెప్పు" అన్నది సుగుణ.

కోదాడ బస్టాండ్ వెనకాల టైలర్ దుకాణం మీద చిన్న గది అది. మెట్లెక్కుతుంటే కింద మిషన్ల చప్పుడు, పైన గోడలకు పిల్లలు గీసిన బొమ్మలు. ఆడ పిల్లలతో మాట్లాడే సత్యానందం సారు పెద్దమనిషి, ఆంధ్ర దిక్కు మాట. ముందుగాల నిఖితతో ఒక్కదానితోనే మాట్లాడిండు. నవనీత బయట బల్ల మీద కూసొని, కొంగు కొసను వేలికి చుట్టుతూ విప్పుతూ ఉన్నది. తలుపు వెనక బిడ్డ గొంతు వినపడ్డది. మాటలు తెలియలేదు, గొంతు మాత్రం వినపడ్డది. ఇంట్లో అన్ని రోజులు అంతసేపు మాట్లాడని పిల్ల.

తర్వాత ఆమెను పిలిచిండు. ఇది బద్ధకం కాదు, గాలి ధూళి కాదు, మనసుకు వచ్చిన జబ్బు, నయమైతది, టైం పడతది అని నెమ్మదిగ చెప్పిండు. సూర్యాపేట పెద్ద దవాఖానలో ఈ జబ్బు డాక్టరుకు చూపించాలని రాసిచ్చిండు. నేనేమన్న తప్పు చేసిన్నా సారూ అని నవనీత అడిగితే, మార్కులు తగ్గి ఉండొచ్చు, ఎవరో ఒక మాట అని ఉండొచ్చు, ఏమీ కాకుండా కూడా రావచ్చు, ఒక్క కారణం కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దన్నడు. ఆ తర్వాత కలం పక్కన పెట్టిండు.

"ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెడతారమ్మా?"

తన కడుపులో ఉన్న మాట ఈ మనిషికెట్ల తెలిసింది? చీరల పెట్టె గురించి చెప్పింది. ఆయన నవ్వలేదు.

"మంచి పని చేశారు. కానీ ఇంట్లో వద్దు. పొలం దగ్గరే తాళం వేసి ఉంచమనండి మీ ఆయన్ని. ఇంకొకటమ్మా. చచ్చిపోవాలనిపిస్తోందా అని అమ్మాయిని మీరు అడగాలి. నేను అడిగాను, మీరూ అడగాలి."

"అడిగితే లేని ఆలోచన పుడ్తదేమో సార్."

"పుట్టదు. లోపల ఉంటే బయటికి వస్తుంది, అంతే."

ఆ సాయంత్రం సారు చెప్పిందంతా భాస్కర్‌కు చెప్పింది. ఆ సారే అడిగిండా డబ్బాల గురించి అని భాస్కర్ రెండుసార్లు అడిగిండు. డబ్బాలన్నీ సంచిలో వేసుకొని పొలం కాడికి పోయి, మోటరు స్టార్టర్ ఉన్న ఇనుప డబ్బాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు. ఆ రోజు నుంచి పంపు మాట వస్తే పరాచికాలాడలేదు.

ఇంట్లో లేకుంటే ఏమాయె, నవనీత భయం ఇల్లు దాటి పోయింది. పక్కింటి స్నానాల గదిలో ఉన్నది. ఎదురింటి అరుగు కింద ఉన్నది. ఊర్లో ఎన్ని ఇండ్లో అన్ని మూలలు. అన్నిటికీ తాళం ఎట్ల వేస్తది?

అడగమన్నది మాత్రం అడగలేదు. బువ్వ కలిపి నోటికిస్తూ అడుగుదామనుకున్నది, అడగలేదు. కోదాడ మీదుగ సూర్యాపేట పోయే బస్సులో అడుగుదామనుకున్నది. మునగాల దాటింది, దాబాలన్నీ దాటినయి, బిడ్డ కిటికీ చువ్వకు తల ఆనించి కూసున్నది. చివరికి నవనీత, తమ్మీ పల్లీలు తింటవా అని అడిగింది. ఆడపిల్లను తమ్మీ అని పిలుచుడు చిన్నప్పటి ముద్దు. నిఖిత వద్దని తల ఊపింది.

సూర్యాపేట డాక్టరమ్మ రోజూ వేసుకునే గోలీలు రాసింది. వాటి పని తెలిసేందుకు కొన్ని వారాలు పడతదని, మధ్యలో మానొద్దని, తల్లి దగ్గరే పెట్టుకోవాలని చెప్పింది. రక్తం నిజంగనే తక్కువున్నదని నల్లటి టానిక్కు సీసా ఒకటి ఇప్పించింది. గోలీలు నవనీత నడుముకు చెక్కుకున్నది, టానిక్కు తాగించే పని యాదమ్మకు అప్పజెప్పింది. తుప్పు వాసనొస్తున్నదని నిఖిత సీసా మూతి దగ్గరికే పోదు. యాదమ్మ చెంచా పట్టుకొని మంచం చుట్టూ తిరిగేది. పక్కింటివాళ్ళు మాత్రం, ఇన్నిసార్లు తిరుగుతున్నరు, పిల్లకు అద్దాలింక రాలేదా అని అడుగుతనే ఉన్నరు.

ఒకనాడు మధ్యాహ్నం నవనీత గోలీలు అయిపోతున్నయని నేరేడుచర్ల పోయి, షేర్ ఆటోలో తిరిగి వస్తున్నది. ఆటో నిండా మనుషులు, కాళ్ళ కింద ఎరువు సంచి. రైసుమిల్లు దాటినంక ఫోన్ మోగింది. యాదమ్మ.

"ఓ నవనీతా, పిల్ల మందు తాగిందే..."

లైన్ కట్టయింది.

తిరిగి చేస్తే కలవలేదు. మళ్ళ చేసింది. డ్రైవర్ ఫకీరా ఏమైందక్కా అని అద్దంలో చూసిండు.

"జల్ది పోనియ్యన్నా. నా బిడ్డ మందు తాగింది."

ఆటోలో ఇంతసేపు సంతల ధరలు మాట్లాడుతున్నవాళ్ళు మాట ఆపేసిన్రు. ఏ మందు అని ఒక్కరు అడగలేదు. ఫకీరా ఇంక ఏ స్టేజీ దగ్గరా ఆపలేదు. దిగాల్సినవాళ్ళు దిగుతమనలేదు. వెనక కూసున్న ముసలామె నవనీత భుజాన్ని గట్టిగ పట్టుకున్నది. ముందర సీటు మనిషి 108కు ఫోన్ చేసి ఊరి పేరు చెప్తున్నడు. నవనీతకు రోడ్డు కనపడలేదు. పొద్దున బిడ్డ కాళ్ళ పట్టీలు తీసి తుడిచి మళ్ళ పెట్టింది, అవి కనపడ్డయి. అడగమన్నది అడగకపోతిని అని ఒకటే మాట తలలో తిరుగుతున్నది. అడగకపోతిని, పల్లీలు తింటవా అంటిని.

ఆటోలోవాళ్ళ ఫోన్లతోని ఆమె కన్నా ముందే కబురు ఊరు చేరింది. వాకిట్లో జనం. జనాన్ని తోసుకొని పోతే, గడప మీద నిఖిత కూసొని ఉన్నది. పెదవులు నల్లగ, పండ్లు నల్లగ, నాలుక నల్లగ.

నవనీత మీద పడి బిడ్డ దవడ పట్టుకొని, వేలు నోట్లోకి పోనిచ్చింది. ఉమ్మెయ్యి బిడ్డా, ఉమ్మెయ్యి అని ఏడుస్తున్నది. నిఖిత కండ్లు బెదిరిపోయి చేతులు విడిపించుకుంటున్నది. వెనక నుంచి యాదమ్మ వచ్చి కోడలి రెక్క పట్టి గుంజింది.

"టానిక్కే పిల్లా. ఇన్నొద్దులకు తనంతట తనే సీసా అడిగి తాగింది. సంబురంతోటి చెప్దామని చేస్తే ఫోన్ ఆగిపాయె. వీళ్ళంత ఎందుకొచ్చిన్రో నాకు తెల్వదు, అడిగితే ఎవ్వరూ చెప్తలేరు."

ఎవరో ముందు నవ్విన్రు. తర్వాత అందరూ నవ్విన్రు. ఓ యాదమ్మా, టానిక్కు అనరాదా, ఊరు ఊరంతా పానాలు గుప్పిట్ల పట్టుకొని ఉరికొస్తిమి గదా అన్నరు. ముందర సీటు మనిషి 108కు మళ్ళ ఫోన్ చేసి, తప్పయింది సారూ, రావొద్దని చెప్పుకున్నడు. ఫకీరా వాకిట్లో కుండ కాడ నీళ్ళు తాగి తాగి గోడకు ఆనుకున్నడు. నవనీత నవ్వలేదు. నిఖిత కూడా నవ్వలేదు. తల్లి ముఖంలోకే చూస్తున్నది.

జనం పోయినంక తల్లీబిడ్డలు లోపలి మంచం మీద కూసున్నరు. టానిక్కు అంటి నవనీత వేలు కూడా నల్లగనే ఉన్నది.

"అమ్మా, నేను పొలం మందు తాగిననుకున్నవా?"

"అనుకున్న." ఇంక మింగుడు చేతకాలేదు. "రోజూ అనుకుంటున్న. సచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా నీకు?"

అన్నది. ఇల్లు కూలలేదు. కొట్టంలో బర్రె మెడ గంట మోగింది. నిఖిత తన గోర్లు చూసుకుంటూ అన్నది.

"అనిపించింది. హాస్టల్ల ఉన్నప్పుడు చాన. పుస్తకం తెరిస్తే అక్షరాలు కండ్లకు కనపడ్తయి, లోపటికి పోవు. పొద్దున లేవాల్నంటే ఏడుపొచ్చేది. నీకు చెప్దామనుకున్న. ఎట్ల చెప్పాల్నో తెల్వక పానం మంచిగ లేదన్న."

"మరి ఇప్పుడు?"

"అప్పుడప్పుడు. నిన్న తక్కువుండె. ఇయ్యాల పొద్దున నాయినమ్మ చెంచా పట్టుకొని పాపం మూలుగుకుంట తిరుగుతుంటే, తాగుదాం తీ అనిపించింది."

నవనీత బిడ్డ తలను ఒళ్ళోకి తీసుకున్నది. చిక్కులు పడ్డ వెంట్రుకలను వేళ్ళతో విడదీస్తుంటే ఈసారి నిఖిత తల లాక్కోలేదు. మళ్ళ అట్లనిపించిన గడియల నన్ను లేపు, పొలంల ఉంటే ఫోన్ చెయ్యి, వంట మీదున్నా పిలువు అని నవనీత చెప్పింది. రేపే కోదాడ పోయి సారుకు ఇదంతా చెప్దాం అన్నది. సరే అన్నది పిల్ల. నవనీత భయం పోలేదు. ఇంతకు ముందు చీకట్లో ఉండె, ఇప్పుడు పక్కకొచ్చి కూసున్నది, దాని ముఖం కనపడుతున్నది. అంతే తేడా.

కొంచెంసేపటికి ఒళ్ళో నుంచే నిఖిత అన్నది.

"అమ్మా, మంగ్లీ గూడ గట్లనే అనేది. రాత్రులు ఇద్దరం గదే మాట్లాడుకునేది. నన్నంటే నువ్వడిగినవ్. దాన్నెవరడుగుతరు? వాళ్ళమ్మా నాయిన పత్తి ఏరను పోతే అది ఒక్కతే ఉంటది."

నవనీత వేళ్ళు వెంట్రుకల్లోనే ఆగిపోయినయి. పాలు పొంగిన పొద్దు, ఫోన్లో ఆ చిన్న గొంతు. నాకు గూడ పానం మంచిగ లేదాంటీ. గోలి ఏస్కో అన్నది తను.

మంగ్లీ ఆనాడు ఫోన్ చేసిన నంబర్‌కు చేస్తే స్విచాఫ్ వచ్చింది. వార్డెన్ మేడంకు చేసింది. ఆ పిల్ల ఇప్పటికీ రాలేదని, తండాలో ఇల్లు ఎక్కడో తనకూ తెల్వదని, కనుక్కొని చెప్తనని అన్నది. సుగుణకు చేస్తే, అటు దిక్కు ఆశా వర్కర్లను అడుగుతనన్నది. నవనీత మొగునికి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి, బిడ్డకు చెప్పులిచ్చి, గడప దాటింది. ఫకీరా ఇంకా గోడ కాడనే ఉన్నడు. మిర్యాలగూడ అవతలికి పోవాలన్నా అన్నది. ఎందుకని అడగకుండనే ఆటో తిప్పిండు.

దారిపొడుగునా నిఖిత ఆ నంబర్ ఒత్తుతనే ఉన్నది. దారిపొడుగునా స్విచాఫే. పొద్దు వాలుతున్నది, రెండు దిక్కులా పొలాల్లో వీపుకు పంపులు కట్టుకున్న మనుషులు మందు కొట్టుతున్నరు. ఆ వాసన ఆటోలోకి వస్తుంటే నవనీత బిడ్డ చెయ్యి వదలలేదు. తండా ఇంకా రాలేదు.

వీళ్ళు చేరేసరికి ఏమైతదో మనకు తెల్వదు. ఇది చదివే మీరు అటు దిక్కువాళ్ళయితే, కండ్లు పెద్దగ, మాట చిన్నగ ఉండే పిల్ల ఒకతి హాస్టల్ నుంచి వచ్చి తిరిగి పోకుండ ఉన్నదేమో చూడండి. అటు దిక్కు కాకున్నా, పానం మంచిగ లేదని చెప్పి గోడ దిక్కు తిరిగిన పిల్ల మీ గల్లీలో కూడా ఉంటది. సాకు కావాలంటే గిన్నెడు కూర పట్టుకపోండి. నొసలు పట్టి చూసి వచ్చెయ్యకుండ్రి. జర పక్కన కూసోండి, అడగండి. ఇయ్యాలనే పోయి చూసి రండి.